11,000కి కీబోర్డు ఫోను: శ్రీకాకుళం షాపులో చేయించుకున్నది ఎలా ఉందంటే

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక సందులో, మేడ మీద చిన్న సెల్ రిపేరు షాపు ఉంది. బోర్డు మీద కాంబో, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ అని మామూలు మాటలే ఉంటాయి. లోపల ఇంకో వ్యాపారం కూడా నడుస్తోంది. పాత ఫోను ఒకటి తీసుకుని, దానికి మడత పడే కీబోర్డు తయారుచేసి బిగించి, కావాలంటే ఆండ్రాయిడ్ తీసేసి లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఓఎస్ (ఫోన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఇస్తారు. అన్నీ కలిపి నాకు 11,000 అయింది. అందులో సెకండ్ హ్యాండ్ వన్‌ప్లస్ 6కే సగం పైన పోయింది. షాపు పేరు రాయను. ఇందులో పొగడ్తతో పాటు తిట్లూ ఉన్నాయి. పైగా ఒక్క కుర్రాడు కూర్చుని చేసే పని ఇది, జనం ఎగబడితే నా రిపేరే వెనక్కి పోతుంది.

నేను నరసన్నపేట వైపు ఒక పత్రికకి కంట్రిబ్యూటర్‌ని. కాపీ అంతా ఫోన్లోనే కొట్టి డెస్క్‌కి పంపాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరిక కంప్యూటర్ మీద నేర్చుకున్నాను, చూడకుండా కొడతాను. అద్దం మీద ఆ వేగం రాదు, సగం స్క్రీను కీబోర్డే తినేస్తుంది, రాసిన పేరా కనపడదు. మైకులో చెప్పేయొచ్చు కదా అంటారు. మా వాళ్ళు చాలామంది అలాగే చేస్తున్నారు. యాక్సిడెంట్ స్పాట్‌లో నిలబడి పోయినవాళ్ళ పేర్లూ వయసులూ బిగ్గరగా చదవడం నా వల్ల కాదు. ఆర్టీసీ బస్సులో అయితే మైకుకి నా గొంతు కంటే ఇంజనే బాగా వినపడుతుంది.

కీలున్న ఫోన్లు బయట దొరకవా అంటే, దొరికేవి. 2009లో వచ్చిన నోకియా ఎన్900కి పక్కకి జరిపే కీబోర్డు ఉండేది, లోపల మేమో అనే లినక్స్. బ్లాక్‌బెర్రీ తన పాత ఓఎస్‌ల సర్వీసులు 2022 జనవరి 4న ఆపేసింది. 2019లో వచ్చిన ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో1లో అయిదు వరుసల కీబోర్డు, వేరే ఓఎస్ ఎక్కించుకోవడానికి బూట్‌లోడర్ (ఫోను ఆన్ చేయగానే ఓఎస్‌ని లేపే ప్రోగ్రాము) తెరుచుకునే వీలు రెండూ ఉన్నాయి. పైన్‌ఫోన్‌కి కీబోర్డు కేసు విడిగా అమ్మారు, అందులోనే ఇంకో బ్యాటరీ పెట్టి. ఇవేవీ శ్రీకాకుళం కౌంటర్ మీద దొరికే సరుకు కాదు. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ వాత ఒకటి, రేపు పాడైతే చూసే నాథుడు లేడు. అదంతా పడతానన్నా, తెలుగు దగ్గరకి వచ్చేసరికి ఇంకో తిప్పలు ఉంది.

బ్లాక్‌బెర్రీ తరహా కీబోర్డు మీద ఉండేవి 26 అక్షరాలు, స్పేసు, ఎంటరు, షిఫ్టు, ఇంకో నాలుగైదు. ఇన్‌స్క్రిప్ట్‌కి అవి చాలవు. మీ కంప్యూటర్ కీబోర్డులో కుడిచేతి చిటికెన వేలు తిరిగే చోటు చూడండి. సెమీకోలన్ మీద చ ఉంటుంది. దాని పక్కన కొటేషన్ గుర్తు మీద ట, పై వరుసలో స్క్వేర్ బ్రాకెట్ మీద డ, కింద స్లాష్ మీద య. ఎడమ పక్క ఒకటి అంకె పక్కనున్న మూల కీ మీద, కొ, మొ రాసుకునే ఒత్వం. చిన్న కీబోర్డు గీసేవాళ్ళు ముందు కోసేసేది సరిగ్గా ఈ కీలనే, ఇంగ్లిషులో వాటి పని తక్కువ కాబట్టి. ఇవన్నీ ఎఫ్ఎన్ (ఇంకో కీతో కలిపి నొక్కే కీ) కింద దాచేస్తే ఎచ్చెర్ల, టెక్కలి, పాలకొండ రాయడానికి ప్రతి అక్షరానికీ రెండేసి కీలు వెతుక్కోవాలి. వార్తకి మొదట పెట్టేదే ఊరి పేరు మరి.

షాపు కుర్రాడికి మార్కులు వేయాల్సింది ఇక్కడే. నేను వెళ్ళి సంగతి చెప్పగానే అతను ఫోను గురించి ఏమీ అడగలేదు.

"అన్నా, మీరు ఆపిల్ కీబోర్డా, ఇన్‌స్క్రిప్టా?"

"ఇన్‌స్క్రిప్ట్."

"అయితే 12 నిలువు వరుసలు తప్పవు. కీ కొంచెం ఇరుకవుద్ది, పర్లేదా?"

ఆపిల్ అంటే డీటీపీ వాళ్ళు వాడే ఇంకో తెలుగు అమరిక. డీటీపీ సెంటర్ల చుట్టూ తిరిగినవాడే అడగగలిగే ప్రశ్న అది. లెక్క కూడా అక్కడే వేసి చూపించాడు. వన్‌ప్లస్ 6 పొడవు 155.7 మిల్లీమీటర్లు. 12తో భాగిస్తే కీకి 13 మిల్లీమీటర్లు కూడా రాదు. మామూలు కీబోర్డులో ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి 19 ఉంటుంది. పది వేళ్ళూ పెట్టడం కుదరదని దాంతోనే తేలిపోయింది. బొటనవేళ్ళతో కొట్టేటప్పుడు మాత్రం 13 బాగానే సరిపోతోంది. అయిదు అడ్డ వరుసలు, మొత్తం 60 గళ్ళు, స్పేసుకి రెండు గళ్ళు. చ, ట, డ, య, ఒత్వం అన్నీ వాటి వాటి సొంత చోట్లలోనే ఉన్నాయి. ఎంటరూ బ్యాక్‌స్పేసూ ఒక్కో గడికి కుదించుకుపోయాయి. ఆ మాత్రం ఓర్చుకోవచ్చు.

షిఫ్టు విషయంలో చేసినది నాకు ఇంకా నచ్చింది. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, ఒత్తు అక్షరాలు, ణ, ళ, శ, ష అన్నీ షిఫ్టు మీదే. శ్రీకాకుళం అని రాయడానికే రెండుసార్లు కావాలి, శ కి ఒకసారి, ళ కి ఒకసారి. రెండు బొటనవేళ్ళతో పట్టుకున్న ఫోన్లో షిఫ్టు నొక్కి పెట్టి ఇంకో కీ కొట్టడం సర్కస్. అందుకని ఒకసారి తట్టి వదిలేస్తే తర్వాతి కీకి మాత్రమే పట్టేలా పెట్టాడు. కీబోర్డు లోపల ఆర్‌పీ2040 అనే చిన్న చిప్పు, దాని మీద క్యూఎంకే అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్పుని నడిపే ప్రోగ్రాము. ఈ సౌకర్యం అందులో ముందే ఉందట. ఇతను ఆన్ చేశాడంతే. ఆన్ చేయాలని తట్టడమే గొప్ప.

ప్రతి కీకీ ఒక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) చేత్తో సోల్డర్ చేశాడు. అడ్డ వరుసలు, నిలువు వరుసలు అల్లినట్టుగా వైర్లు వేస్తే 60 గళ్ళకి 17 వైర్లతో పని అయిపోతుంది. డయోడ్ లేకపోతే మూడు కీలు ఒకేసారి పడినప్పుడు నొక్కని నాలుగో కీ కూడా నొక్కినట్టు వస్తుంది. వేగంగా కొట్టేవాడికి అది నరకం. నా దాంట్లో ఇప్పటిదాకా దొంగ అక్షరం ఒక్కటీ పడలేదు. కీల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు మాత్రం చెమటకి లేచిపోతున్నాయి. స, ల అప్పుడే కనపడటం లేదు. నాకు అవసరం లేదనుకోండి, మా తమ్ముడు తీసుకుంటే తడుముకుంటాడు.

ఇన్‌స్క్రిప్ట్ పట్టుకోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. 1991లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంగా తెచ్చిన ఈ అమరికలో బ్రాహ్మీ నుంచి పుట్టిన భారతీయ లిపులకి అక్షరాల చోట్లు దాదాపు ఒకటే. తెలుగు క ఉన్న కీ మీదే ఒడియా క ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక మాస్టారికి ఇదే కీబోర్డు స్టిక్కర్లు మార్చి ఇచ్చానని కుర్రాడు చెప్పాడు. ఆయన పొద్దున తెలుగులో, సాయంత్రం ఒడియాలో రాసుకుంటారట.

ఇక తిట్లు.

మొదటి డబ్బా పీఎల్ఏతో ప్రింట్ చేసి ఇచ్చాడు. త్రీడీ ప్రింటర్లో తేలిగ్గా వచ్చే ప్లాస్టిక్ అది. 60 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. మే నెలలో మా వైపు ఎండలో నిలబెట్టిన బండి డిక్కీ ఎంత కాగుతుందో వేరే చెప్పాలా? డబ్బా అరిటాకులా ఒంగిపోయింది, కుడివైపు కీలు లోపలికి దిగి పైకి రావడం మానేశాయి. శ్రీకాకుళంలో ఉంటూ, మండలాల్లో బండి మీద తిరిగే మనిషికి పీఎల్ఏ ఇవ్వడం ఏమిటి? అడిగితే పెట్‌జీతో మళ్ళీ చేసిచ్చాడు, అది ఇంకాస్త వేడికి ఆగుతుంది. దానికి 300 తీసుకున్నాడు. ఆ 300 నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

రెండోది, బరువు. ఫోను ఒక్కటే 177 గ్రాములు. మడత తెరిచి బల్ల మీద పెడితే పైభాగం బరువెక్కి వెనక్కి పడిపోయేది. దానికి విరుగుడుగా కీబోర్డు అడుగున ఇనుప రేకు పెట్టాడు. ఇప్పుడు పడదు, మొత్తం మాత్రం 350 గ్రాములు దాటింది. ఇందాక చెప్పిన ప్రో1 కీబోర్డుతో కలిపి 243 గ్రాములే. చొక్కా జేబు మరిచిపోవాలి. ఆ రేకు బదులు అక్కడ బ్యాటరీ పెట్టి ఉంటే, పైన్‌ఫోన్ కేసులో చేసినట్టు, బరువుకి బరువూ ఛార్జికి ఛార్జీ దక్కేవి. ఇదే మాట అంటే "బ్యాటరీ పెడితే ఛార్జింగ్ సర్క్యూట్ కావాలి అన్నా, ఏటైనా తేడా వస్తే మంటలు" అన్నాడు. భయం న్యాయమైనదే, కాదనను.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ ఫోన్‌కి ఉన్నది ఒక్కటే యూఎస్‌బీ-సి పోర్టు. కీబోర్డు దాంట్లోనే దూరింది. కీబోర్డు పెట్టుకుంటే ఛార్జింగ్ లేదు, ఛార్జింగ్ పెడితే కీబోర్డు లేదు. పైగా కీబోర్డు తాగే కరెంటు కూడా ఫోను బ్యాటరీదే. 3,300 ఎంఏహెచ్ బ్యాటరీ, అదీ ఏళ్ళ తరబడి వాడినది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక కరెంటు లేకుండా గడిపిన రోజులు ఉద్దానం వైపు ఎవర్ని అడిగినా చెబుతారు. అలాంటప్పుడు రిపోర్టర్ చేతిలో ఉండాల్సింది పవర్ బ్యాంకుకి తగిలించి రాసుకోగలిగే వస్తువు. ఇది ఆ పనికి రాదు. ఫోన్ వెనకాల వేరే పిన్నులు ఇచ్చి కీబోర్డుని వాటికి తగిలించడం అనేది ఫోను తయారుచేసేటప్పుడే ఆలోచించాల్సిన సంగతి. పైన్‌ఫోన్ వాళ్ళు ఆలోచించారు. పాత ఫోనుకి తర్వాత తగిలించేవాడు ఏం చేయగలడు, బ్లూటూత్ తప్ప?

ఓఎస్ దగ్గరికి వద్దాం. షాపులో మూడు రకాలు చెబుతారు: లినేజ్ ఓఎస్, ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ఓఎస్. మొదటిది ఆండ్రాయిడే, గూగుల్ సరంజామా లేకుండా. రెండోది కెనానికల్ 2017లో వదిలేస్తే యూబీపోర్ట్స్ అనే స్వచ్ఛంద బృందం అందుకుని నడిపిస్తున్నది. దాన్ని నేను షాపులో పడిన ఫోన్లో ఊరికే తిప్పి చూశానంతే, అభిప్రాయం చెప్పేంత వాడలేదు. మూడోది ఆల్పైన్ లినక్స్ మీద కట్టినది, 2017లో మొదలైంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లని కూడా చాలా ఏళ్ళు బతికించాలనేది వాళ్ళ ఉద్దేశం. నేను తీసుకున్నది అదే, పైన ఫాష్ అనే స్క్రీనుతో. బూట్‌లోడర్ తెరిస్తే ఫోన్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని ముందే చెప్పి, నా చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు. మంచి పద్ధతి.

రాయడానికి ఇంత హాయి ఏ ఫోన్లోనూ లేదు. కంప్యూటర్లో ఉండే ఇన్‌స్క్రిప్టే ఇక్కడా. సెట్టింగుల్లో తెలుగు ఎంచుకుంటే చాలు, ఆప్ ఏదీ అక్కర్లేదు. ఎడిటర్ తెరిస్తే అడ్డంగా స్క్రీనంతా నా కాపీయే. వాట్సాప్ గ్రూపుల్లో గుడ్ మార్నింగులు మోగవు. ఐటమ్ అయిపోయాక మెయిల్లో డెస్క్‌కి కొట్టేస్తాను, యూనికోడ్ కాబట్టి అక్కడ అక్షరాలు చెదరవు. టెర్మినల్లో (కమాండ్లు కొట్టే తెర) మాత్రం తెలుగు రాయకండి. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి ఇచ్చే పద్ధతి అది, ఒత్తులు ఎక్కడికో పోతాయి. ఇంకో చికాకు, స్క్రీను అడ్డంగా ఉన్నప్పుడు ఎత్తు చాలక కొన్ని మెసేజ్ డబ్బాల్లో ఓకే బటన్ కిందికి జారిపోయి కనపడదు. ట్యాబ్ కీతో గుడ్డిగా వెళ్ళి ఎంటర్ కొట్టాలి. కీబోర్డు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే ఇరుక్కుపోయేవాణ్ణి.

ఫోనుగా మాత్రం ఇది ఫోను కాదు. జియో 2016 సెప్టెంబరులో 4జీతోనే మొదలైన నెట్‌వర్కు, 2జీ, 3జీ లేనే లేవు. దాని మీద మాట్లాడాలంటే వోల్టీ (4జీ మీదే మాట వెళ్ళే పద్ధతి) ఉండి తీరాలి. నాకిచ్చిన పోస్ట్‌మార్కెట్ఓఎస్ వెర్షన్లో వోల్టీ లేదు. ఇలాంటి ఫోన్లలో దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం చిప్పు కంపెనీ మూసి ఉంచిన సరుకు. ఖాళీ టైములో కోడ్ రాసే వాలంటీర్లు దాన్ని ఒక్కో ముక్కగా విప్పుకుంటూ రావాలి, వాళ్ళని తిట్టడానికి నోరు రాదు. కెమెరా కూడా వార్త ఫొటోకి పనికొచ్చే స్థితిలో లేదు. యూపీఐ సంగతి అడగొద్దు. ఆండ్రాయిడ్ ఆప్‌లని లినక్స్ లోపల నడిపించే వేడ్రాయిడ్ ఉంది గానీ, యూపీఐ ఆప్ మన సిమ్ నుంచి మెసేజ్ పంపి నంబరు సరిచూసుకోవాలి, ఆ పెట్టె లోపల్నుంచి సిమ్ అందదు. షాపులో ఇదంతా అడిగితే చెప్పారు. అడగకపోతే చెప్పేవారా అంటే, గోడ మీద కాగితంలో "లినక్స్ కీబోర్డు ఫోను" అనే ఉంది మరి. అందులో ఫోను అనే మాట తీసేయమని నేను అడిగాను. నవ్వాడు గానీ తీయలేదు.

ఆమదాలవలసలో నా స్నేహితుడు, ఫొటోగ్రాఫర్, ఇదే కీబోర్డు, ఇదే మోడల్ ఫోను, లినేజ్ ఓఎస్‌తో తీసుకున్నాడు. అతనికి వోల్టీ కాల్స్ వస్తున్నాయి, కెమెరా బాగుంది, వాట్సాప్ ఉంది. కీబోర్డు కోసం ఆండ్రాయిడ్‌కి వేరే లేఅవుట్ ఫైలు ఒకటి కుర్రాడే రాసిచ్చాడు, ఏ కీకి ఏ అక్షరం అని. అందులో ఒక కీకి ఒక అక్షరమే పెట్టగలరు. అందుకని కంప్యూటర్లో అంకెల వరుస మీద ఒకే దెబ్బకి పడే క్ష, త్ర లాంటివి ఇక్కడ విడివిడిగా కొట్టుకోవాలి. పెద్ద కష్టం కాదు. అతని గొడవంతా బ్యాంకు ఆప్‌తో. బూట్‌లోడర్ తెరిచి ఉన్న ఫోను కాబట్టి ఒక ఆప్ తెరుచుకుంటుంది, ఇంకొకటి ఈ ఫోను సురక్షితం కాదని మొహం మీదే తలుపేస్తుంది. కంపెనీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన పాత ఆండ్రాయిడ్ ఫోన్లో అదే ఆప్ నిక్షేపంగా తెరుచుకుంటుంది. కొత్త సెక్యూరిటీ ప్యాచులున్న లినేజ్‌లో తెరుచుకోదు. ఈ న్యాయం నాకు అర్థం కాలేదు.

కాబట్టి ఒకే ఫోను మోయాలనుకునేవాళ్ళు లినేజ్ తీసుకోండి, బ్యాంకు పని ఇంట్లో ఇంకో ఫోన్లో చేసుకోండి. నాలాగా రోజుకి నాలుగైదు ఐటమ్‌లు కొట్టేవాళ్ళు, రెండు ఫోన్లు మోయడానికి సిద్ధమైతే, పోస్ట్‌మార్కెట్ఓఎస్ తీసుకుని సిమ్ వేయకుండా పాత ఫోను హాట్‌స్పాట్ మీద నడుపుకోండి. నేను చేస్తున్నది అదే. రోజంతా పాత ఫోను చొక్కా జేబులో, ఇది భుజం సంచిలో. కీబోర్డు కోసం మళ్ళీ 11,000 పెట్టమన్నా పెడతాను. లినక్స్ కోసం మాత్రమే అయితే పెట్టను, అది ఏ పాత ల్యాప్‌టాప్‌లోనైనా దొరుకుతుంది.

షాపు సర్వీసు గురించి కూడా రెండు మాటలు. అడ్వాన్సు 3,000 తీసుకుంటాడు, రసీదు ఇస్తాడు. పది రోజులన్నది నెల దాటింది. పీసీబీ (కీబోర్డు సర్క్యూట్ బోర్డు) బయట చేయించి తెప్పించాలి, అది అతని చేతిలో లేదట. ఫోను ఎత్తడు, వాట్సాప్‌లో రాత్రి పదకొండుకి జవాబిస్తాడు. రిపేరుకి తీసుకెళ్తే మాత్రం మన ముందే విప్పుతాడు, ఏం చేస్తున్నాడో చెబుతూ చేస్తాడు. స్క్రూలు మనకే లెక్కపెట్టి చూపిస్తాడు. డబ్బా కొలతల ఫైలూ, ఫర్మ్‌వేరూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. రేపు షాపు మూసేసినా విజయనగరంలోనో విశాఖలోనో ఎవరి చేతనైనా మళ్ళీ చేయించుకోవచ్చు. పెద్ద కంపెనీలు ఇలా ఇవ్వవు.

ఇప్పుడు బ్లూటూత్ కీబోర్డు ఒకటి చేస్తున్నాడు, దానికి సొంతంగా చిన్న బ్యాటరీ. అప్పుడు ఛార్జింగ్ పోర్టు ఖాళీ అవుతుంది. ఒక్క నష్టం ఉంది. నా ఫోన్లో డేటాకి తాళం వేసి ఉంది, ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ దశలో బ్లూటూత్ ఇంకా లేవదు, స్క్రీను మీదే కొట్టుకోవాలి. వైరు కీబోర్డైతే అక్కడా పనిచేస్తుంది. అయినా మారుద్దామనే అనుకుంటున్నాను. పాతది ఇచ్చేసి పైన 1,500 ఇమ్మంటున్నాడు. పీఎల్ఏ డబ్బా 300 అందులో తగ్గించమని అడిగాను, బేరం నడుస్తోంది.